ట్రీట్‌మెంట్ అయిపోయింది, మూడు నెలలకు రమ్మన్నారు, స్కాన్ మాత్రం రాయలేదు

గాజువాక నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 46. ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ. రొమ్ము ఉంచి గడ్డ వరకే తీశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. కీమో అయింది, కరెంటు అయిపోయి రెండు వారాలైంది. (రేడియేషన్‌ని మా వార్డులో అందరూ కరెంటు అనే అనేవారు, నాకూ అదే అలవాటు.) రిపోర్టులో హార్మోన్ పాజిటివ్ (అంటే ఒంట్లోని హార్మోన్ల సాయంతో పెరిగే రకం), హెర్-2 అనే ప్రోటీన్ నెగెటివ్. ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామోక్సిఫెన్ బిళ్ళ రోజుకొకటి రాసి మూడు నెలలకు రమ్మన్నారు. స్కాన్ రాయలేదు. "ఒళ్ళంతా పెట్ స్కాన్ తీయించుకో, లోపల ఏముందో ఎవరు చూశారు" అని మీ తోడికోడలు పోరుపెడుతోంది. ఆఖరి రోజున ఇంట్లో అందరూ మాడుగుల హల్వా పంచుకుంటుంటే మీరు బాత్రూంలో కూర్చుని ఏడ్చారు. డాక్టరు మనల్ని వదిలేశారా అని అడిగారు.

వదిలెయ్యలేదమ్మా. నేను డాక్టర్ని కాను. వైజాగ్‌లోనే క్యాన్సర్ వార్డులోనూ, తర్వాత ఓపీలోనూ కలిపి ఇరవై ఆరేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా అక్కకు కూడా ఇదే జబ్బు, అదే ఎడమ వైపు. కాబట్టి బల్లకి ఇటువైపూ కూర్చున్నాను, అటువైపూ కూర్చున్నాను.

మీకు చెప్పిన మూడు నెలల గడువు ప్రపంచమంతా పాటించే లెక్కే. మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, నాలుగు, అయిదో ఏడాదుల్లో ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, తర్వాత ఏడాదికోసారి. వెళ్ళిన ప్రతిసారీ ఎలా ఉందని అడిగి, రెండు రొమ్ములూ, చంకలూ, మెడ ఎముక (మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ బోన్) పైభాగమూ చేత్తో చూస్తారు. చూడటానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. నెలల తరబడి సూదులు, మెషీన్లు చూసిన మనిషికి "అంతేనా?" అనిపించడం సహజం.

ఇక స్కాన్ సంగతి. బాధ ఏమీ లేని మనిషికి ఊరికే పెట్ స్కాన్, సీటీ, బోన్ స్కాన్, సీఏ 15-3 లాంటి ట్యూమర్ మార్కర్ (రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే) పరీక్షలు చెయ్యొద్దనే పెద్ద సంఘాల మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. డబ్బు మిగల్చడానికి చెప్పిన మాట కాదది. ఇటలీలో వెయ్యికి పైగా ఆడవాళ్ళ చొప్పున తీసుకుని రెండు అధ్యయనాలు చేశారు, ఫలితాలు 1994లో వచ్చాయి. సగం మందికి గడువు ప్రకారం ఎక్స్‌రేలు, బోన్ స్కాన్ల లాంటివి చేస్తూ పోయారు, మిగతా సగం మందికి చేత్తో పరీక్ష, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మాత్రమే. ఏళ్ళు గడిచాక చూస్తే రెండు జట్లలోనూ బతికినవాళ్ళ లెక్క ఇంచుమించు ఒకటే. జబ్బు ఎముకకో ఊపిరితిత్తికో పాకితే దాన్ని కాస్త ముందు తెలుసుకున్నంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు, భయపడే కాలం మాత్రం పెరుగుతుంది. అవి పాత అధ్యయనాలు, అప్పటికి ఇప్పటి మందులు లేవు కదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా ఇవాళ్టికీ మార్గదర్శకాలు మారలేదు.

నేను ఓపీలో ఉన్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ వచ్చేది. ట్రీట్‌మెంట్ అయి ఏడాది, మనిషి నిక్షేపంలా ఉంది. కొడుకు ప్రేమకొద్దీ ఒక సెంటర్‌లో ప్యాకేజీ కట్టి ఒళ్ళంతా స్కాన్ తీయించాడు. ఊపిరితిత్తి పైభాగంలో చిన్న చుక్క వెలిగింది. ఆవిడ ఆ రోజు నుంచి అన్నం మానేసింది. వీపులోంచి సూది పెట్టి ముక్క తీశారు, ఆ సూదికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, నాలుగు రోజులు ట్యూబుతో బెడ్ మీద ఉంది. చివరికి తేలింది టీబీ తాలూకు గడ్డ అని. పెట్ స్కాన్‌లో ఎక్కించేది చక్కెర లాంటి మందు. చక్కెర ఎక్కువ పీల్చే చోటల్లా వెలుగుతుంది. క్యాన్సరూ పీలుస్తుంది, టీబీ పీలుస్తుంది, ఆపరేషన్ చేసిన చోటి వాపూ పీలుస్తుంది. మన దేశంలో ఛాతీలో టీబీ ఆనవాళ్ళున్న వాళ్ళు కొల్లలు. పైగా మీకు కరెంటు అయి రెండు వారాలే. ఇప్పుడు తీస్తే ఆ వాపే దీపావళిలా వెలిగి మీ తోడికోడలి మాటే నిజమనిపిస్తుంది.

ఒక్క పరీక్ష మాత్రం తప్పదు, అది మామోగ్రామ్. మీకు రొమ్ము ఉంచారు కాబట్టి రెండు వైపులా తియ్యాలి. కరెంటు అయిన ఆరు నెలల తర్వాత మొదటిది, ఆపైన ఏడాదికొకటి. అదే రొమ్ములో మళ్ళీ గడ్డ వచ్చినా, రెండో రొమ్ములో కొత్తది పుట్టినా తొందరగా దొరికితే పూర్తిగా నయం చెయ్యగలరు. పాకిన జబ్బుకీ దీనికీ ఉన్న తేడా అదే, అందుకే ఒకటి వద్దంటారు, ఒకటి తప్పదంటారు. పాత ఫిల్ములు తీసుకెళ్ళండి. కరెంటు పడిన రొమ్ము గట్టిపడి ఫిల్ములో మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, పాతవాటితో పోల్చకపోతే చదివేవాళ్ళకీ అయోమయమే.

మరి స్కాన్ పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు? చాలాసార్లు మీరే. ఓపీలో నేను చూసినంతలో "ఇక్కడేదో తేడాగా ఉంది సిస్టర్" అంటూ గడువుకి ముందే వచ్చినవాళ్ళే ఎక్కువ, డాక్టరు చెయ్యి వేసి కొత్తగా కనిపెట్టినవి తక్కువ. అందుకని నెలకోసారి స్నానమప్పుడు సబ్బు చేత్తో కుట్టు వెంబడి, చంకలో, మెడ ఎముక పైన తడిమి చూసుకోండి. కుట్టు మీద గింజలా తగిలినా, చర్మం ఎర్రగా గట్టిగా మారినా, ఒకే చోట ఎముక నొప్పి రెండు వారాలు తగ్గకుండా రాత్రి నిద్ర లేపుతున్నా, పొడి దగ్గు, ఆయాసం, వాంతులతో తలనొప్పి, కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇలాంటివి కనిపిస్తే గడువు కోసం ఆగొద్దు. నడుం నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం ఆగినా ఆ రోజే, ఆ గంటే బయలుదేరండి. రెండు రోజుల్లో పోయిన నొప్పికి మాత్రం కంగారు పడొద్దు. జ్వరం వస్తే జ్వరమే. మోకాలు నొప్పికి నూటికి తొంభైసార్లు మోకాలే కారణం.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, నా లెక్కలో దానికే ఎక్కువ శ్రద్ధ కావాలి. మీ ఎడమ చెయ్యి.

మా అక్కకి చెయ్యి వాస్తోందని మొదట కనిపెట్టింది డాక్టరూ కాదు, నర్సునైన నేనూ కాదు. కంచరపాలెంలో టైలరు. సంక్రాంతికి జాకెట్టు కొలతలు తీసుకుంటూ "అమ్మా, ఈ చెయ్యి అరంగుళం ఎక్కువొస్తోంది, రెండూ ఒకే కొలత పెడితే ఇది బిగుసుకుపోద్ది" అన్నాడు. అక్కని అడిగితే "అవును, ఆర్నెల్ల నుంచి ఆ చేతికి గాజులు సబ్బు పెడితేగానీ ఎక్కడం లేదు, లావయ్యాననుకున్నా" అంది. నేను వారానికోసారి వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను. ఇంట్లో నర్సుండి ఏం లాభం!

చంకలో గ్రంథులు తీసేస్తే చేతిలోని నీరు వెనక్కి పోయే దారి ఇరుకవుతుంది, దానికి కరెంటు తోడైతే ఇంకా ఇరుకవుతుంది. వాపు మొదటి రెండు మూడేళ్ళలో ఎక్కువగా మొదలవుతుంది, పదేళ్ళ తర్వాత మొదలైన వాళ్ళూ ఉన్నారు. తొలి దశలో పట్టుకుంటే బిగుతు తొడుగు, ఫిజియోథెరపీతో అదుపులో ఉంటుంది. ముదిరితే చెయ్యి మొద్దులా గట్టిపడిపోతుంది, అప్పుడు ఎన్ని చేసినా పూర్తిగా దిగదు. అందుకని టైలరు టేపు ఒకటి కొనుక్కోండి. మోచేతి మడత నుంచి 10 సెంటీమీటర్లు పైకి, 10 సెంటీమీటర్లు కిందికి, ఇంకా మణికట్టు దగ్గర, ఈ మూడు చోట్లా రెండు చేతులకీ చుట్టుకొలత తీసి గోడ మీద క్యాలెండర్లో రాయండి. నెలకోసారి చాలు. మొదటి కొలత ఇవాళే తీయండి, ఎందుకంటే కుడిచేతి వాటం వాళ్ళకి కుడి చెయ్యి మామూలుగానే కాస్త లావు ఉంటుంది, రేపు పోల్చాలంటే ఇవాళ్టి లెక్క ఉండాలి. మొదటి కొలతతో చూస్తే ఎడమ చెయ్యి 2 సెంటీమీటర్లు పెరిగితే తప్పకుండా చూపించాలి. అంత కాకపోయినా చెయ్యి బరువుగా ఉందన్నా, ఉంగరం బిగిసిందన్నా చెప్పండి.

ఆ చేతికి గాయాలు తగలకుండా చూసుకోవడం ముఖ్యం. కత్తిపీట దగ్గర, చేపలు బాగుచేసేటప్పుడు ముల్లు గుచ్చుకోకుండా రబ్బరు గ్లౌజు వేసుకోండి. రక్తం తీసినా, బీపీ చూసినా కుడి చెయ్యి ఇవ్వండి. ఒక్కసారి పొరపాటున ఎడమ చేతికి బీపీ చూశారని ఏడవక్కర్లేదు, దానివల్లే వాపు వస్తుందనడానికి గట్టి రుజువు లేదు, జాగ్రత్త కోసం చెబుతాం. చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. "ఆ చేత్తో బరువు ఎత్తకు, పని చెయ్యకు" అని ఇంట్లో కూర్చోబెడతారు చూడండి, అది పాతకాలం సలహా. మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేసినవాళ్ళకి వాపు పెరగదని అధ్యయనాలు చూపించాయి. అలాగని మొదటి వారమే గ్యాస్ బండ ఎత్తొద్దు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక్కసారి నేర్చుకోండి. ఊళ్ళో మాలిష్ చేసేవాళ్ళ చేతికి మాత్రం ఆ చెయ్యి ఇవ్వకండి.

తర్వాత బిళ్ళ. టామోక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, అయిదేళ్ళు. కొందరికి పదేళ్ళు. చవక బిళ్ళ కావడంతో దానికి విలువ తెలియడం లేదు. కీమో అంత కష్టపడి చేయించుకుని ఈ బిళ్ళ మధ్యలో మానేసిన వాళ్ళని ఎంతమందిని చూశానో! ఒకావిడ రెండేళ్ళు వేసుకుని "కోర్సు అయిపోయింది కదా" అని ఆపేసింది, ఎవరూ ఆపమనలేదు. ఇంకొకరికి పలాస దగ్గర ఊళ్ళో షాపులో దొరకలేదు, దొరక్క మూడు నెలలు పోయాయి. హార్మోన్ పాజిటివ్ వాళ్ళకి అయిదేళ్ళు పూర్తిగా వేసుకుంటే ఈ జబ్బుతో పోయేవాళ్ళ సంఖ్య పదిహేనేళ్ళలో దాదాపు మూడో వంతు తగ్గుతుంది. మీ పెట్ స్కాన్ ఇవ్వలేని భరోసా ఈ చిన్న బిళ్ళ ఇస్తుంది. సిటీకి వచ్చినప్పుడే మూడు నెలలకి సరిపడా కొనిపెట్టుకోండి.

దీంతో ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. మన వైజాగ్ ఉక్కకి ఇది తోడైతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, మా అక్క రాత్రి రెండింటికి లేచి డాబా ఎక్కేది. కొన్ని నెలలకి చాలామందికి తగ్గుతాయి, తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి, మందులున్నాయి. సొంతంగా బిళ్ళ ఆపడం, రోజు విడిచి రోజు వేసుకోవడం చెయ్యొద్దు. మనసు బాగోలేదని ఎక్కడైనా డిప్రెషన్ మందు రాస్తే టామోక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పండి. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివి దీని పనిని తగ్గిస్తాయి. వేరేవి ఉన్నాయి, అవి రాస్తారు. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, వెంటనే వెళ్ళాలి.

కీమోతో నెలసరి ఆగిపోయి ఉండొచ్చు. 46 ఏళ్ళకి అది మళ్ళీ రావచ్చు, ఆగింది కదా అని గర్భం రాదనుకోవద్దు. ఈ బిళ్ళ మీద గర్భం రాకూడదు. కాపర్-టీ గానీ కండోమ్ గానీ వాడండి, గర్భనిరోధక మాత్రలు వద్దు. నెలసరి మామూలుగా తిరిగి రావడం వేరు, పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక రక్తం కనిపించడం వేరు. రెండోది ఒక్క చుక్కైనా గైనిక్ డాక్టరుకి చూపించాలి, టామోక్సిఫెన్ గర్భాశయం లోపొర మీద పనిచేస్తుంది. ఏ బాధా లేకుండా ఏటా గర్భాశయం స్కాన్ మాత్రం అక్కర్లేదు. ముందు ముందు బిళ్ళ మార్చి లెట్రోజోల్ (నెలసరి ఆగినవాళ్ళకి ఇచ్చే ఇంకో రకం హార్మోన్ బిళ్ళ) ఇస్తే అప్పుడు ఎముకల సాంద్రత పరీక్ష, క్యాల్షియం, విటమిన్ డి సంగతులు వస్తాయి. ఇప్పుడు వాటితో పని లేదు.

తిండి గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. వంకాయ, గోంగూర, చేపలు, అన్నీ తినొచ్చు. ఈ జబ్బుకి పథ్యం లేదు. చోడంబలి (రాగి అంబలి) తాగండి, నెత్తళ్ళు (చిన్న చేపలు) ముళ్ళతో సహా తినండి, ఎముకకి మంచిది. బరువు పెరగకుండా చూసుకోండి, వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. హార్మోన్లు సరిచేస్తామంటూ డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి పోవద్దు.

ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలు, రద్దీ రోజు రెండు. ఇచ్ఛాపురం నుంచి, పార్వతీపురం నుంచి, కోరాపుట్ నుంచి తెల్లవారుజామునే బయలుదేరి వచ్చినవాళ్ళు బయట వరసలో ఉంటారు, డాక్టర్ని తప్పు పట్టలేం. కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైన మాట మొదట చెప్పండి. "బాగానే ఉన్నానండి" అని మొదలుపెట్టి, తలుపు దగ్గరకెళ్ళాక "అన్నట్టు డాక్టరుగారూ, నడుం..." అనేవాళ్ళని రోజూ చూసేదాన్ని. చీటీ మీద మూడు ప్రశ్నలు రాసుకోండి. ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకోండి. ఫైల్లో అన్నిటికంటే పైన బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ రిపోర్టు, కీమోలో ఏ మందు ఎన్నిసార్లు ఇచ్చారో రాసిన డిశ్చార్జి కాగితం, కరెంటు లెక్క ఉండాలి. వాటన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసిపెట్టండి. రేపు గాజువాకలో ఏ డాక్టరు దగ్గరికి జ్వరానికి వెళ్ళినా, కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్ళినా, అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రికి మారినా మొదట అడిగేవి ఆ కాగితాలే. కీమోలో డాక్సోరుబిసిన్, అంటే ఆ ఎర్ర మందు పడి ఉంటే పదేళ్ళ తర్వాత ఆయాసం వచ్చినా గుండె డాక్టరుకి ఆ సంగతి తెలియాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) తర్వాతి పరీక్షల్లో ఏవి వస్తాయో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే అడగండి, మామోగ్రామ్ రోజున కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవడం కంటే నయం.

ఏడుపు గురించి. ఆఖరి సిట్టింగ్ రోజున ఏడ్చినవాళ్ళు మీరొక్కరే కాదు, నేను లెక్క పెట్టడం మానేశాను. ట్రీట్‌మెంట్ నడుస్తున్నంత కాలం ఏదో ఒకటి చేస్తున్నాం అన్న ధైర్యం ఉంటుంది. అది ఆగిన రోజున భయం తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు "అయిపోయింది కదా, ఇంకేంటి" అంటారు, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళూ అలసిపోయారు. చెకప్‌కి వారం ముందు నిద్ర పట్టకపోవడం చాలామందికి ఏళ్ళ తరబడి ఉంటుంది. నెల దాటినా రోజూ ఏడుపొస్తూ, తిండి, పని మీద మనసు పోకపోతే మాత్రం అది కూడా ఒక జబ్బు లక్షణమే, చీటీలో మొదటి ప్రశ్నగా రాయండి.

మీ అమ్మాయికి 19 అన్నారు, తనకీ వస్తుందా అని అడిగారు. రొమ్ము క్యాన్సర్లలో వారసత్వంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అయితే మీకు 50 లోపు వచ్చింది కాబట్టి జన్యు పరీక్ష గురించి డాక్టర్ని అడగడం న్యాయం. ఆ పరీక్ష ముందు మీకు చెయ్యాలి, అమ్మాయికి కాదు. మీలో ఆ లోపం లేదని తేలితే చాలా మటుకు ఆ బెంగ అక్కడితో పోతుంది. ఉంటే తనకి పాతికేళ్ళ నుంచి ఎంఆర్ఐతో కనిపెట్టి చూసే పద్ధతి ఉంది. ఇప్పుడే ఆ పిల్లకి మామోగ్రామ్ తీయించకండి.

ఒక్క సంగతి మీరు రాయలేదు. కీమో కోసం మెడ కింద పోర్టు (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న డబ్బీ) పెట్టారా? పెట్టి ఉంటే తీసేశారా? ఇంకా ఉంటే డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, మామూలుగా నెలకో నెలన్నరకో ఒకసారి, అందులో మందు ఎక్కించి శుభ్రం చేయించాలి. మూడు నెలల తర్వాత రమ్మన్నారు కదా అని దాన్ని అలా వదిలేస్తే మూసుకుపోవచ్చు, చీము కూడా పట్టొచ్చు. పోర్టు ఉంటే గడువు దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్ళి, ఎప్పుడు తీస్తారో కనుక్కోండి.